కప్పు తీస్తేనే వేసవి!

రోహిణి కార్తె వస్తోందంటే మనం ఇంటిముందు పందిరి వేయిస్తాం. సరిగ్గా అదే వారంలో అమెరికాలో జీపులున్నవాళ్లు బండి పైకప్పు ఊడదీస్తారు. తలుపులు కూడా తీసి గోడకు తగిలిస్తారు. మళ్లీ చలిగాలి మొదలయ్యేవరకూ ఆ జీపు ఒట్టి చట్రం, నాలుగు సీట్లే! చూసేవాళ్లకు సరదాగా కనిపించే ఈ పని వెనక పెద్ద తతంగమే ఉంది. ఎందుకంటే తీయడం గంట పని. తీసినదాన్ని నాలుగు నెలలు చెక్కుచెదరకుండా దాచడమే అసలు పని.

రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు మనవాళ్లు. మే చివరి వారం వచ్చిందంటే తాటాకు పందిళ్లు, వట్టివేళ్ల తడికలు, కిటికీలకు తడిపిన గోనెపట్టాలు... ఎండకూ మనకూ మధ్య ఏదో ఒక అడ్డం ఉండాల్సిందే. కారు పెట్టాలన్నా ముందు చెట్టునీడ ఎక్కడుందా అని చూస్తాం.

అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో లెక్క వేరు. మిషిగన్, ఒహాయో, విస్కాన్సిన్, మిన్నెసోటా... ఏడాదిలో నాలుగైదు నెలలు చలీ మంచూ తప్ప వేరే మాట ఉండదు. అందుకే ఎండ వాళ్లకు చుట్టం. మే నెల ఆఖరి సోమవారం వచ్చే మెమోరియల్ డేతో మొదలుపెట్టి, సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డే దాకా ఉన్న కాలాన్నే వాళ్లు వేసవిగా లెక్కేస్తారు. డెట్రాయిట్‌లో జులైలో కూడా పగటి ఉష్ణోగ్రత సాధారణంగా 28 డిగ్రీల దగ్గరే ఉంటుంది. జూన్‌లో అయితే రాత్రి తొమ్మిది దాటాకగానీ పొద్దుగూకదు. ఆఫీసు నుంచి వచ్చాక కూడా ఇంకా మూడు నాలుగు గంటల వెలుతురు. అంత చక్కని సాయంత్రాన్ని ఇనప డబ్బాలో కూర్చుని ఎవరు పాడుచేసుకుంటారు?

అందుకే జీప్ రాంగ్లర్ ఉన్నవాళ్లు పానాలు బయటికి తీస్తారు. మే నెల మూడో శనివారాన్ని ‘గో టాప్‌లెస్ డే’ పేరుతో జరుపుకుంటారు. ఆ రోజు చాలా ఊళ్లలో కప్పులు లేని జీపులు వరసకట్టి తిరుగుతాయి. ఎదురుపడ్డ జీపు డ్రైవర్లు ఒకరికొకరు చెయ్యి ఊపుకోవడం ఆనవాయితీ. ముక్కూమొహం తెలియకపోయినా సరే!

డెట్రాయిట్ చుట్టుపక్కల నోవై, కాంటన్, ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్ లాంటి ఊళ్లలో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. వాహన కంపెనీల్లో, వాటికి విడిభాగాలూ సాఫ్ట్‌వేరూ అందించే సంస్థల్లో పనిచేసేవాళ్లు వీళ్లలో చాలామంది. ఈ వేసవి తతంగం అక్కడివాళ్లకు బాగా పరిచయమే. వీధిలో ఏదో ఒక గ్యారేజీలో పైకప్పుకు వేలాడుతున్న జీపు టాపు కనిపిస్తూనే ఉంటుంది మరి.

కప్పు లేకుండా పుట్టిన బండి

అసలు కారుకు కప్పూ తలుపులూ ఊడదీసే ఏర్పాటు ఎందుకు? ఇది తెలియాలంటే రెండో ప్రపంచ యుద్ధం దాకా వెళ్లాలి. 1940లో అమెరికా సైన్యం తేలికపాటి నిఘా బండి కావాలని కంపెనీలను అడిగింది. గడువు 49 రోజులు! పెన్సిల్వేనియాలోని బట్లర్‌లో ఉన్న బాంటమ్ అనే చిన్న కంపెనీ ఆ గడువులోనే తొలి నమూనా తయారుచేసి సెప్టెంబరులో సైన్యానికి అప్పగించింది. అయితే అన్ని బండ్లు తయారుచేసే శక్తి ఆ కంపెనీకి లేదు. అందుకే ఒహాయోలోని టొలీడోలో ఉన్న విల్లీస్-ఓవర్‌ల్యాండ్, ఆ తర్వాత ఫోర్డ్ రంగంలోకి దిగాయి. యుద్ధం ముగిసేసరికి ఈ రెండూ కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి.

ఆ జీపులకు తలుపులు లేవు. సైనికుడు ఒక్క ఉదుటున దూకాలి కదా! తలుపు ఉండాల్సిన చోట అడ్డంగా ఒక పట్టీ ఉండేది, అంతే. పైన కావాలంటే కప్పుకోవడానికి కాన్వాసు గుడ్డ. ముందు అద్దం బానెట్ మీదికి వాలిపోయేది. అలా వాలిస్తే శత్రువు కంటికి బండి ఎత్తు తగ్గి కనిపిస్తుంది, ఓడల్లో పంపేటప్పుడు తక్కువ చోటు పడుతుంది. అంటే జీపుకు కప్పు తీసేయడం కొత్తగా వచ్చిన సోకు కాదు. అది కప్పు లేకుండానే పుట్టింది. కప్పు ఆ తర్వాత వచ్చిన చుట్టం.

1945లో పౌరుల కోసం సీజే-2ఏ మోడల్ వచ్చింది. పొలం పనులకూ, అడవి దారులకూ బాగా పనికొచ్చింది. చలి ప్రాంతాల్లో మాత్రం గుడ్డ టాపుతో వేగడం కష్టమైంది. 1976 మోడల్‌గా వచ్చిన సీజే-7తో అచ్చుపోసిన గట్టి ప్లాస్టిక్ టాపు, స్టీలు తలుపులు కావాలంటే తీసుకునే వీలు కలిగింది. 1986లో రాంగ్లర్ అనే పేరు వచ్చింది. 2006లో వచ్చిన రాంగ్లర్‌తో గట్టి టాపు మూడు ముక్కలైంది. ముందు సీట్ల మీద రెండు చిన్న పలకలు, వెనక ఒక పెద్ద గూడు. నాలుగు తలుపుల రాంగ్లర్ కూడా అప్పుడే వచ్చింది. 2017 చివర్లో వచ్చిన తరంలో తలుపులు అల్యూమినియంవి. బరువు తగ్గింది, ఊడదీయడం తేలికైంది. ముందు అద్దం వాల్చడానికి అంతకుముందు 28 బోల్టులు విప్పాల్సి వచ్చేది. ఇప్పుడు నాలుగు విప్పితే చాలు.

ఇద్దరు మనుషులు, ఒక గంట

ముందు సీట్ల మీది రెండు పలకలు తీయడానికి పనిముట్లేమీ అక్కర్లేదు. లోపల ఉన్న గొళ్లేలు తిప్పి, పలకను పైకెత్తి, పక్కకు దించడమే. వాటికోసం మెత్తటి సంచి ఉంటుంది. అందులో పెట్టి వెనక సామాన్ల చోట నిలబెట్టొచ్చు. ఆ మాత్రం ఆకాశం చాలనుకునేవాళ్లు చాలామందే. దారిలో వాన పడితే బండి పక్కకు ఆపి అయిదు నిమిషాల్లో మళ్లీ బిగించుకోవచ్చు.

అసలు కథ వెనక గూడుతో మొదలవుతుంది. నాలుగు తలుపుల బండిలో దాని బరువు దాదాపు 60 కిలోలు. బస్తా బియ్యం అయితే ఒక్కరే భుజాన వేసుకోవచ్చు. ఇది అలా కాదు. వెడల్పుగా ఉంటుంది, పట్టు దొరకదు, వెనక పెద్ద అద్దం ఉంటుంది. అందుకే కనీసం ఇద్దరు, వీలైతే నలుగురు పట్టుకోవాలి.

ఎత్తే ముందు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. టాపును బాడీకి పట్టి ఉంచే బోల్టులు లోపలివైపు రెండు పక్కలా ఉంటాయి. వీటి తల మీద గాడి నక్షత్రం ఆకారంలో ఉంటుంది. టార్క్స్ అంటారు. మామూలు స్క్రూడ్రైవరుతో ప్రయత్నిస్తే గాడి అరిగిపోయి బోల్టు అక్కడే మొండికేస్తుంది. సరైన సైజు బిట్టే వాడాలి. ఆ తర్వాత వెనక మూలన ఉన్న వైరు ప్లగ్గు విప్పాలి. వెనక అద్దం మీద మంచు కరిగించే తీగలకూ, వైపరుకూ కరెంటు వెళ్లేది దాన్నుంచే. పక్కనే వైపరుకు నీళ్లు తీసుకెళ్లే సన్నటి గొట్టం. ఈ రెండూ విప్పకుండా టాపును ఎత్తితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. గొట్టం తెగుతుంది, ప్లగ్గు విరుగుతుంది. వెనక తలుపు తెరిచి ఉంచాలన్నది మరో నియమం. లేదంటే టాపు కదలదు.

మిషిగన్ లాంటి చోట్ల ఇంకో చిక్కుంది. చలికాలమంతా రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. డెట్రాయిట్ నగరం అడుగునే వెయ్యి అడుగులకు పైగా లోతులో ఉప్పు గని ఉంది! ఆ ఉప్పునీళ్లు చిమ్మిచిమ్మి బోల్టులకు తుప్పు పడుతుంది. బిగుసుకున్న బోల్టును బలవంతంగా తిప్పితే తల తెగిపోవచ్చు. అందుకే తుప్పు వదిలించే నూనె ముందురోజు రాత్రే కొట్టి వదిలేస్తారు. పొద్దున్నకి మెత్తబడుతుంది.

తలుపు తీస్తే అద్దమూ పోతుంది

తలుపుల బరువు ఒక్కోటి సుమారు 20 కిలోలు. ఒక్కరే తీయొచ్చుగానీ ఇద్దరుంటే రంగు గీసుకుపోదు. ముందు కిటికీ అద్దాన్ని పూర్తిగా కిందికి దించాలి. పైకి లేచి ఉన్న అద్దం దేనికైనా తగిలితే పగులుతుంది. ప్లగ్గు తీశాక దించుదామంటే కరెంటు ఉండదు! ఆ తర్వాత తలుపు తెరిచి, లోపలికి వెళ్లే వైర్ల ప్లగ్గు విప్పాలి. స్పీకరు, తాళం, కిటికీ మోటారు అన్నింటికీ దారి అదే. తలుపు మరీ వెనక్కి తెరుచుకోకుండా ఆపే పట్టీని కూడా విడదీయాలి. చివరగా మడతబందుల దగ్గరున్న బోల్టులు విప్పి తలుపును నిటారుగా పైకి లేపితే ఊడి వస్తుంది. వంకరగా లాగితే మడతబందు కడ్డీ రంగును చెక్కేస్తుంది.

పని అయిపోయిందనుకుని రోడ్డెక్కితే ఒక సంగతి అప్పుడు గుర్తొస్తుంది. పక్కన వచ్చే బండ్లను చూసే అద్దాలు తలుపులకే ఉన్నాయి. అవి ఇప్పుడు గ్యారేజీలో గోడకు వేలాడుతున్నాయి! వెనక బండి ఎవరిదో చూడటానికి లోపలి అద్దం ఒక్కటే మిగిలింది. పక్క అద్దాల విషయంలో అమెరికాలో రాష్ట్రానికో నియమం. పోలీసు ఆపినా ఆపకపోయినా, పక్క వరసలో ఏముందో కనిపించకుండా హైవే ఎక్కడం ప్రమాదమే. అందుకే మడతబందులకు తగిలించుకునే విడి అద్దాలు కొని పెట్టుకుంటారు.

2021లో మార్కెట్లోకి వచ్చిన కొత్త ఫోర్డ్ బ్రాంకో సరిగ్గా ఈ లోపాన్నే పట్టుకుంది. దాని అద్దాలు తలుపులకు కాకుండా బానెట్ వెనక బాడీకే ఉంటాయి. తలుపులు తీసినా అవి కదలవు. కిటికీ చుట్టూ చట్రం లేకపోవడంతో తలుపులు పొట్టిగా ఉంటాయి. నాలుగు తలుపుల మోడల్లో వాటిని సంచుల్లో పెట్టి బండి వెనకే సర్దేయొచ్చు. అయితే ఆ కంపెనీకీ టాపు తిప్పలు తప్పలేదు. తేమకు కొన్ని గట్టి టాపుల పైపొర చూడ్డానికి పాడవుతోందని తేలడంతో, అప్పటిదాకా అమర్చిన టాపులన్నీ మార్చి ఇస్తామని ఫోర్డ్ 2021 ఆగస్టులో ప్రకటించింది. ఊడదీసేలా కప్పు తయారుచేయడం పెద్ద కంపెనీలకే అంత తేలిక కాదన్నమాట.

అటకెక్కే టాపు

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇంత పెద్ద గూడును ఎక్కడ పెట్టాలి?

మనకైతే అటక ఉంది. పండక్కి తప్ప వాడని గంగాళాలు, పాత పెట్టెలు అన్నీ అక్కడికే. అమెరికాలో జీపు టాపుకు అటక గ్యారేజీ పైకప్పే. నాలుగు పట్టీలు, కప్పీలు, తాడు... మన బావి గిలక సూత్రమే. బండిని గ్యారేజీలోకి తెచ్చి, టాపు కింద పట్టీలు తగిలించి, తాడు లాగితే టాపు లేస్తుంది. బండిని కిందినుంచి వెనక్కి తీసుకోవడమే. మరో మనిషి సాయం అక్కర్లేదు. పడవల తెరచాపల కోసం కప్పీలు తయారుచేసే విస్కాన్సిన్ కంపెనీ హార్కెన్ కూడా ఇలాంటి గ్యారేజీ లిఫ్టులు అమ్ముతుంది. తాడు లాగే ఓపిక లేనివాళ్లకు మీట నొక్కితే లేపే మోటారువీ ఉన్నాయి.

ఇక్కడ చేసే పొరపాటే చాలా ఖరీదైనది. అక్కడి ఇళ్ల పైకప్పు మనలా సిమెంటు స్లాబు కాదు. పైన చెక్క దూలాలు, వాటి కింద పల్చటి జిప్సమ్ పలక. కొక్కేన్ని దూలంలోకి దిగేలా బిగించాలి. దూలం తప్పి పలకలోకి బిగిస్తే ఆ రోజుకు నిలబడినట్టే ఉంటుంది. ఒక వారానికో నెలకో 60 కిలోల టాపు కింద ఏముంటే దాని మీద పడుతుంది. అది కారు కావచ్చు, సైకిలు తీసుకోవడానికి వచ్చిన పిల్లాడు కావచ్చు. అందుకే దూలం ఎక్కడుందో పరికరంతో చూసుకుని, బరువుకు సరిపడా కొక్కేలు బిగించి, తాడుకు తోడుగా మరో పట్టీ కూడా కడతారు. టాపు లేస్తున్నంతసేపూ దాని కింద ఎవరూ ఉండకూడదు.

పైకప్పు ఎత్తు చాలనివాళ్లు చక్రాల బండి కొంటారు. టాపును దాని మీద నిలువుగా నిలబెట్టి ఓ మూలకు తోసేయొచ్చు. అదీ లేకపోతే నేలమీదే. అయితే ఒట్టి సిమెంటు నేల మీద పెట్టకూడదు. కింద మందపాటి ఫోమో, పాత బొంతో పరవాలి. బరువంతా చుట్టూ ఉన్న రబ్బరు బీడింగు మీదో, వెనక అద్దం మీదో పడకుండా చూడాలి. నాలుగు నెలలు ఒకే చోట నొక్కుకుపోయిన బీడింగు మళ్లీ పొంగదు. అక్టోబరులో తొలి వానకే అక్కడినుంచి నీళ్లు కారతాయి. గోడకు ఆనించి వదిలేయడం కూడా మంచిది కాదు. జారితే అద్దంతో సహా పోతుంది.

ఇంటి వెనక పెరట్లో పెట్టేవాళ్లకు గాలితో పేచీ. బండికి బిగించి ఉన్నప్పుడు ఎంత బలంగా కనిపించినా, విడిగా ఉన్న టాపు బోర్లించిన పెద్ద గిన్నె లాంటిది. ఈదురుగాలి లోపలికి దూరితే తిరగేస్తుంది. కట్టెయ్యాల్సిందే.

తలుపులది ఇంకో పద్ధతి. వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చడం, రంగువైపు కిందికి పెట్టి పడుకోబెట్టడం చేయకూడదు. గోడకు బిగించిన స్టాండుకు మడతబందుల దగ్గర తగిలిస్తే బండి మీద ఉన్నట్టే నిటారుగా ఉంటాయి. అదే వాటికి సుఖం. వైరు ప్లగ్గు మూతికి చిన్న ప్లాస్టిక్ సంచి తొడిగి రబ్బరు బ్యాండు వేస్తే దుమ్మూ సాలీళ్లూ దూరవు. తలుపుకు మాత్రం పాలిథీన్ కవరు గట్టిగా చుట్టేయకూడదు. తేమ లోపలే ఉండిపోయి బూజు పడుతుంది. పాత దుప్పటి కప్పితే చాలు. లోపలి మెత్తటి అస్తరులో ఎలుకలు గూడు పెట్టకుండా పదిహేను రోజులకోసారైనా దుప్పటి ఎత్తి చూడాలి.

దాచేముందు ఇవి మరవద్దు

* టాపు, తలుపులు సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే దాచాలి. ఉప్పు మరకలతో దాస్తే నాలుగు నెలల్లో తుప్పు పని కానిచ్చేస్తుంది.

* బోల్టులు ఎక్కడివక్కడ విడివిడి సంచుల్లో వేసి, పేరు రాసి పెట్టాలి. కొత్త రాంగ్లర్లలో వెనక అర కింద వీటికోసమే గూళ్లున్నాయి.

* రబ్బరు బీడింగుకు సిలికాన్ స్ప్రే రాయాలి. గ్రీజు, పెట్రోలుతో చేసిన నూనెలు రాస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

* విప్పేముందు ప్రతి ప్లగ్గునూ ఫోనుతో ఫొటో తీసి పెట్టుకుంటే బిగించేటప్పుడు వెతుక్కోనక్కర్లేదు.

* ఎడమ తలుపు, కుడి తలుపు అని కాగితం అంటించడం చిన్న పనే. నాలుగు తలుపుల బండికి అదే పెద్ద సాయం.

అపార్టుమెంటులో ఉంటే?

అమెరికా వెళ్లిన కొత్తలో మనవాళ్లలో చాలామంది ఉండేది అపార్టుమెంట్లలోనే. సొంత గ్యారేజీ ఉండదు. జీపు మాత్రం కొనేస్తారు! టాపు తీస్తే ఎక్కడ పెట్టాలో తెలియదు. నెలకింత అని అద్దెకిచ్చే స్టోరేజీ గదులున్నాయి. నాలుగు నెలల అద్దె లెక్కేసుకుంటే సరదా ఖరీదు తెలుస్తుంది. సొంత ఇల్లు కొన్నవాళ్లకు ఇంకో తలనొప్పి. చాలా కాలనీల్లో ఇళ్ల యజమానుల సంఘాలు ఇంటిముందు కంటికి కనిపించేలా సామాన్లు పెట్టనివ్వవు. వాకిట్లో జీపు టాపు బోర్లిస్తే నోటీసు వస్తుంది.

ఇలాంటివాళ్లకు గుడ్డ టాపే మేలు. దాన్ని ఊడదీయక్కర్లేదు, వెనక్కి మడిచేయొచ్చు. వాన వస్తే మళ్లీ లాగేసుకోవచ్చు. చలికాలంలో మాత్రం చప్పుడెక్కువ, వెచ్చదనం తక్కువ. గట్ట కట్టే చలిలో దాని ప్లాస్టిక్ కిటికీలు గట్టిపడతాయి. అప్పుడు మడిస్తే పగులుతాయి. అందుకే రెండు టాపులూ కొని, చలికాలంలో గట్టిదీ వేసవిలో గుడ్డదీ వాడేవాళ్లున్నారు. ముందు అద్దం నుంచి సీట్ల వెనక కడ్డీ దాకా మాత్రమే పరుచుకునే చిన్న గుడ్డ కప్పు కూడా దొరుకుతుంది. కప్పు తీశామన్న సంబరం ఉంటుంది, నడినెత్తిన ఎండా ఉండదు. మన చలువ పందిరి లాంటిదే!

గాలి బాగుంటుంది... గండమూ ఉంటుంది

కప్పూ తలుపులూ లేని బండిలో మనిషిని పట్టి ఉంచేది సీటు బెల్టు ఒక్కటే. తలుపు ఉంటే అది కొంత ఆపుతుంది. అది కూడా లేనప్పుడు బెల్టు పెట్టుకోకుండా కూర్చోవడమంటే ప్రాణంతో చెలగాటమే. చేతులూ కాళ్లూ బయటికి చాపి కూర్చోవడం ఫొటోల్లో బాగుంటుంది, రోడ్డు మీద కాదు. జీపు లాంటి ఎత్తయిన బండ్లు తిరగబడే అవకాశమూ ఎక్కువ. అమెరికాలో బీమా కంపెనీల డబ్బుతో నడిచే రహదారి భద్రతా సంస్థ ఐఐహెచ్ఎస్, డ్రైవరు వైపు ముందు మూలను ఢీకొట్టించే పరీక్ష జరిపినప్పుడు రాంగ్లర్ పక్కకు ఒరిగి పడిపోయింది. ఆ ఫలితం 2020లో బయటికొచ్చింది. తలుపులున్న బండికే ఆ గతి పట్టిందంటే, తలుపులు తీసిన బండి నడిపేవాళ్లు ఎంత జాగ్రత్తగా ఉండాలి?

మరి ప్రభుత్వం ఎలా ఒప్పుకుంటోంది? తలుపుల గట్టిదనం గురించి అమెరికాలో కేంద్ర భద్రతా నియమాలున్నాయి. తలుపులు లేకుండా నడిచేలా తయారైన బండ్లకు తేలిగ్గా పెట్టి తీసే తలుపులుంటే, వాటికి ఆ నియమాల్లో మినహాయింపు ఉంది. జీపు ఆ కోవలోకే వస్తుంది. మినహాయింపు ఉంది కదా అని ప్రమాదం మినహాయింపు ఇవ్వదు.

దొంగల మాట సరేసరి. తలుపుల్లేని బండికి తాళం ఏం వేస్తారు? డ్యాష్‌బోర్డు అరకూ, సీట్ల మధ్య పెట్టెకూ మాత్రం తాళాలుంటాయి. కాగితాలూ ఫోనూ అందులోనే. మిగతాదంతా దేవుడి దయ. వాన సంగతీ అంతే. నేలలో నీళ్లు బయటికి పోవడానికి రబ్బరు బిరడాలుంటాయి. సీట్లు మాత్రం తడిసినట్టే.

మళ్లీ బిగించే రోజు

సెప్టెంబరు చివరికి పొద్దు కుదించుకుపోతుంది. తెల్లవారుజామున మంచు పడుతుంది. అప్పుడు తెలుస్తుంది ఎవరు ఎలా దాచారో. జాగ్రత్తగా దాచినవాళ్లకు గంటన్నరలో పని అయిపోతుంది. నిర్లక్ష్యం చేసినవాళ్లు బోల్టుల కోసం గ్యారేజీ అంతా వెతుకుతారు. నొక్కుకుపోయిన బీడింగునూ, ఎలుక కొరికిన వైరునూ చూసి తల పట్టుకుంటారు. కొత్త గట్టి టాపు కొనాలంటే వేల డాలర్లు!

బిగించడంలో వరస ముఖ్యం. టాపును సరిగ్గా దాని చోట కూర్చోబెట్టి, బోల్టులన్నీ ముందు చేత్తో కొన్ని చుట్లు తిప్పాలి. ఒక పక్క పూర్తిగా బిగించి రెండో పక్కకు వెళ్తే టాపు వంకరగా కూర్చుంటుంది. బీడింగు ఎక్కడైనా మడతపడిందేమో వేలితో తడిమి చూడాలి. వైరు ప్లగ్గూ నీళ్ల గొట్టమూ తగిలించి, వెనక వైపరు తిరుగుతోందా, అద్దం వేడెక్కుతోందా చూసుకోవాలి. చివరి పరీక్ష నీళ్ల పైపు. ఒకరు బయటినుంచి నీళ్లు కొడుతుంటే ఇంకొకరు లోపల కూర్చుని చుక్క పడుతుందేమో చూడాలి. ముందు అద్దం పైభాగంలో పలకలు కలిసేచోటే ఎక్కువగా కారుతుంది. ఆ రోజు అరగంట పెడితే చలికాలమంతా నిశ్చింత.

మన ఎండలో కుదురుతుందా?

జీపంటే మనకు కొత్తేమీ కాదు. స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలోనే మహీంద్రా కంపెనీ ముంబయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టింది. బీడీవో గారి జీపు, పోలీసు జీపు, ఎన్నికల్లో మైకు కట్టిన జీపు... ఒకప్పుడు ఊళ్లోకి వచ్చే నాలుగు చక్రాల బండి అదే. వాటికీ తలుపులు అంతంతమాత్రమే. అయితే మనవాళ్లు వేసవిలో పక్క పరదాలు పైకి చుట్టేసేవాళ్లేగానీ, నెత్తిమీది కాన్వాసు మాత్రం తీసేవాళ్లు కాదు. ఎండ సంగతి తెలిసినవాళ్లు కదా!

2020లో కొత్త థార్ వచ్చినప్పుడు మడిచే గుడ్డ టాపు రకమూ ఉండేది, కదలని గట్టి టాపు రకమూ ఉండేది. రాంగ్లర్‌ను 2021 నుంచి పుణె దగ్గరి రంజన్‌గావ్‌లో బిగిస్తున్నారు. దాని టాపు ఊడివస్తుంది. ఊడిరాని టాపును కోసి, తలుపులు పీకేసి తిరగాలనుకుంటే మాత్రం చట్టం ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషనులో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ సంగతే గట్టిగా చెప్పింది. కంపెనీ ఇచ్చిన టాపు తీసేముందు కూడా రవాణా శాఖ అధికారులను ఒక మాట అడగడం మంచిది.

ఎప్పుడు తీయాలన్నదీ ఆలోచించుకోవాలి. డాలస్‌లో, ఫీనిక్స్‌లో ఉండే మనవాళ్లకు ఇది ఇప్పటికే తెలుసు. అక్కడ నడివేసవిలో మధ్యాహ్నం కప్పు తీస్తే సీటు మీద కూర్చోలేరు. చాలామంది వసంతంలోనో, శరత్కాలంలోనో తీస్తారు. మన విజయవాడకూ, రామగుండానికీ అదే సూత్రం. మేలో కప్పు ఉండాలి, ఏసీ ఉండాలి. కార్తీక మాసం నుంచి శివరాత్రి దాకా మనకు ఆ వేళ. తెల్లవారుజామున మంచు తెరలు కట్టిన లంబసింగి ఘాట్‌లోనో, సాయంత్రం పూట భీమిలి తీరం వెంటో అయితే కప్పు లేని బండి హాయిగానే ఉంటుంది.

అప్పుడు కూడా తీసిన టాపును ఎక్కడ పెడతామన్న ప్రశ్న అలాగే ఉంటుంది. దానికి జవాబు దొరికాకే పానా చేతికి తీసుకోవాలి!